చల్లటి బానెట్ మీద చెయ్యి

సొరంగం క్యాంపు

శ్రీమతి గారికి,

నేను కులాసా. ఇక్కడ ఫోను పలకదు కాబట్టి, రేషన్ లారీ కొండ దిగేలోపు ఈ నాలుగు ముక్కలూ గిలికేస్తున్నాను. రాయి మొన్నటిదాకా మొండికేసింది గానీ ఇప్పుడు కాస్త దారికొచ్చింది. ఎండలు ముదిరేలోపు తవ్వకం పూర్తయితే నా ఉద్యోగమూ పూర్తవుతుంది. ఆ తర్వాత ఇంట్లో కూర్చుని నీ ప్రాణం తియ్యడమే పని.

అసలు సంగతికి వస్తాను. ముందు కుర్చీలో కూర్చో.

వంటవాడు ఉల్లిపాయల బుట్టలో పరిచిన పాత పేపరు పారేస్తుంటే నా కంట పడింది. దాంట్లో ఒక ప్రకటన. పాతకాలపు స్పోర్ట్స్ కారు, ఎర్రది, బట్ట టాపు, నడిచే స్థితిలో ఉన్నది, అమ్మబడును. అడ్రసు మన ఊళ్లోదే, గిడ్డంగుల వీధి.

నవ్వుతున్నావని తెలుసు. కాలేజీలో మా వర్క్‌షాప్ మాస్టారికి అలాంటి కారుండేది. దాన్ని తుడవడానికి మేం పోటీలు పడేవాళ్లం. ఒక్కసారి నడపనివ్వండి అని అడిగే దమ్ము మాత్రం ఒక్కడికీ లేకపోయింది. అప్పటినుంచీ కడుపులో దాచుకున్న కోరిక ఇది. ఇల్లనీ, చదువులనీ, మందులనీ వెనక్కి నెడుతూ వచ్చాను. ఇంక నెట్టడానికి వెనకాల చోటు లేదు.

నా బదులు నువ్వు వెళ్లి చూసి రావాలి. పొద్దున్నే వెళ్లు. "నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి" అని ముందే కబురు పెట్టు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వెయ్యి. వేడిగా ఉంటే వాళ్లు ఇంజను ముందే కాచి పెట్టారన్నమాట. చల్లటి ఇంజను బయటపెట్టే నిజాలు వేడి ఇంజను బయటపెట్టదు. రంగు చూసి మురిసిపోకు. మన ఫ్రిజ్ మీదున్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి తలుపుల కిందా, చక్రాల పైనా పెట్టి చూడు. అతుక్కోని చోట రేకు లేదు, లప్పం ఉంది. కాళ్ల దగ్గర చాపలు ఎత్తు. ఛాసిస్ మీద, అంటే కింది ఇనప చట్రం మీద, కొట్టిన నంబరూ కాగితాల్లో నంబరూ ఒకటో కాదో చూడు. అన్నిటికన్నా ముఖ్యం, బయానా అంటూ పైసా ఇవ్వకు. సాయంత్రం ఇంకో పార్టీ వస్తోందంటారు. రానీ.

వద్దనుకుంటే వద్దు. కానీ చూసి వద్దను.

నీ
సొరంగం మొగుడు


ఇల్లు

ఏవండీ,

వంటింట్లో కుళాయి కారుతోందని పోయిన ఉత్తరంలో రాశాను. అందులో మీకు "కారు" ఒక్కటే కనిపించినట్టుంది.

ఉన్నమాట చెప్తాను. ఏదో ఒక వంక పెట్టి వచ్చేద్దామనే వెళ్లాను. వంక కోసం నేను కష్టపడక్కర్లేకపోయింది.

అమ్మే ఆయన దగ్గర కారు కంటే ముందు సెంటు వాసన పలకరించింది. "రండి రండి మేడమ్, మీ అదృష్టం, పొద్దున్నుంచీ ఫోన్లే ఫోన్లు" అన్నాడు. ఎర్ర కారు అద్దంలా మెరుస్తోంది. ఒక్క క్షణం నాకూ గుండె జారిందని ఒప్పుకుంటాను. మీరు చెప్పినట్టు బానెట్ మీద చెయ్యి వేశాను. చురుక్కుమంది.

"ఎండకండీ" అన్నాడు.

"మీ షెడ్డులోపల ఎండ బాగానే కాస్తుందే" అన్నాను.

అయస్కాంతం తీసేసరికి ఆయన నవ్వు కాస్త చిన్నదైంది. తలుపు మధ్యలో పెడితే అతుక్కుంది. కింది అంచుకి జరిపేసరికి టపీమని నేల మీద పడింది. మళ్లీ పెట్టాను, మళ్లీ పడింది. "అయస్కాంతం పాతదేమోనండీ" అన్నాడు పాపం.

కాళ్ల దగ్గర చాపలు కొత్తవి, జిగురు వాసన ఇంకా పోలేదు. ఓ మూల లాగితే వచ్చేసింది. అడుగున రేకు మీద ఈ తలుపు దగ్గర్నుంచి ఆ తలుపు దాకా అడ్డంగా ఒక గట్టు. నల్ల రంగు పూసి కప్పారు. కానీ పొద్దస్తమానం ఎక్స్‌రేలు తీసే మనిషిని నేను. విరిగి అతుక్కున్న ఎముక ఆ చోట కాస్త ఉబ్బుతుంది. ఇదీ అలాగే ఉబ్బి ఉంది. అదేమిటో నాకు తెలియదు గానీ, మంచిది కాదని మాత్రం తెలిసింది.

"సాయంత్రం ఇంకో పార్టీ వస్తోంది మేడమ్, కొంచెం బయానా ఇచ్చి వెళ్తే" అన్నాడు. మీరు చెప్పిన మాట పొల్లుపోకుండా వినబడేసరికి నవ్వాగలేదు. వచ్చేశాను.

ఇక ఆ కోరికను కడుపులోనే ఉంచుకోండి. చల్లగా ఉంటుంది.

మీ
ఇంటావిడ


సొరంగం క్యాంపు

ఎక్స్‌రే డాక్టరమ్మ గారికి,

నీ ఉత్తరం ఇక్కడ క్యాంటీనులో చదివి వినిపించాను. షెడ్డులో ఎండ మాటకి ఫోర్‌మన్ టీ మీద పోసుకున్నాడు.

నువ్వు చూసిన గట్టు ఏమిటో తెలుసా? అది ఒక కారు కాదు, రెండు. ఒకటి ముందు గుద్దుకుని ఉంటుంది, ఇంకొకటి వెనక. బాగున్న సగాన్నీ బాగున్న సగాన్నీ కోసి మధ్యలో వెల్డింగ్ పెట్టి రంగేస్తారు. గట్టిగా ఒక గుంతలో పడితే నడుం దగ్గర విరుగుతుంది. నా ప్రాణం నిలబెట్టావు, అతిశయోక్తి కాదు.

ఒకటే గుబులు. ఆ ఇంకో పార్టీ నిజంగానే ఉంటే? వాళ్ల దగ్గర ఎక్స్‌రే డాక్టరమ్మ ఉండదుగా.

కోరికని చల్లగా ఉంచమన్నావు. మరీ అంత చల్లగా ఏం లేదు. ఎక్కడైనా ఇంకొకటి కనిపిస్తే ఒక చూపు వేసి ఉంచు. మెరిసేది కాకపోయినా ఫరవాలేదు, ఒకటే కారు అయితే చాలు. ఈసారి నీ ఆస్పత్రి అంబులెన్సులు చూసే మెకానిక్‌ని వెంట తీసుకెళ్లు. కిందకి దూరి చూసేవాడు ఒకడుండాలి. మనం కొనేది రంగుని కాదు, ఛాసిస్‌ని.

కుళాయికి వాషర్ మార్పించు. అది మాత్రం నేనొచ్చేదాకా ఆపకు.

నీ
సొ. మొగుడు


ఇల్లు

ఏవండీ,

మీ ఉత్తరం చదివాక నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఆస్పత్రికి వెళ్లే దారిలో గిడ్డంగుల వీధికి వెళ్లాను. ఇంకో పార్టీ నిజంగానే ఉంది! బ్యాంకులో పనిచేసే అబ్బాయి, కొత్తగా పెళ్లయినవాడిలా ఉన్నాడు, బయానా కవరు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఒక్కసారి ఆ చాప ఎత్తించి చూడు బాబూ" అన్నాను. సెంటాయన నన్ను బయటికి దయచేయమన్నాడు. దయచేశాను, వీధిలోనే నిలబడ్డాను. కాసేపటికి అబ్బాయి కూడా కవరుతో సహా బయటికి వచ్చాడు. మొహం పాలిపోయింది. "మా ఆవిడని ఎక్కించుకుని తిరుగుదామనుకున్నానండీ" అన్నాడు.

ఆ అబ్బాయే చెప్పాడు. వాడికి చిన్నప్పుడు ఈత నేర్పిన టీచరు దగ్గర అలాంటిదే ఒక పాత కారు అమ్మకానికి ఉందట. రంగు బాగోలేదని వాడికి నచ్చలేదు. రంగు బాగోలేదన్న మాటే నన్ను పట్టుకుంది. ఆదివారం మెకానిక్‌ని వెంటేసుకుని వెళ్లాను.

ఏం చెప్పను! ఒకప్పుడు నీలమట. ఇప్పుడు ఏ రంగో దానికే తెలియదు. టాపు చిరిగింది. టీచరు మనకంటే పెద్దావిడ, పొడుగ్గా ఉంటారు, కొలను అవతలి ఒడ్డుకి వినబడేలా మాట్లాడతారు. "మంచివి తర్వాత, ముందు చెడ్డవి చూపిస్తాను రండి" అన్నారు. డిక్కీ అడుగున తుప్పు ఆవిడే వేలు పెట్టి చూపించారు. ఇంజను కింద నూనె మరక చూపించారు. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు పళ్లు కొరుకుతుందన్నారు. రిపేరు బిల్లులన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. బానెట్ చల్లగా రాయిలా ఉంది.

"ఎందుకు అమ్మేస్తున్నారు?" అని అడిగాను.

"మోకాళ్లమ్మా. ఇందులోకి దిగడం బావిలోకి దిగినట్టుంటుంది. దిగుతాను, పైకి ఎవరు తోడతారు?"

మన మెకానిక్ టార్చి పట్టుకుని కిందకి దూరాడు. బొజ్జ అడ్డొచ్చి సగం సేపు ఇరుక్కున్నాడు. పైకొచ్చాక, "నడుం గట్టిగా ఉందమ్మా. మిగతావన్నీ చేసుకోగలిగినవే. బ్రేకులు మాత్రం ఆవిడ నెమ్మదిగా తోలుతుంది కాబట్టి సరిపోతున్నాయి. మార్చందే పెద్ద రోడ్డెక్కకండి" అన్నాడు. ఛాసిస్ నంబరూ, ఇంజను నంబరూ రెండూ కాగితాలతో కలిశాయి.

తర్వాత టీచరు నన్ను వాళ్లింటి దగ్గరున్న కొలను చుట్టూ తిప్పారు. రోడ్డు చేతికందేంత కింద ఉంది. తిరిగొచ్చాక తాళం నా చేతిలో పెట్టి, "మీరూ ఒక చుట్టు" అన్నారు. మన చిన్న కారులో కూరగాయల మార్కెట్టు దాటి వెళ్లని మనిషిని! వణుక్కుంటూ తిప్పాను. రెండో గేరు నిజంగానే పళ్లు కొరికింది. మూడో గేరులో పడ్డాక ఆ ఇంజను ఒక పాట ఎత్తుకుంది చూడండి, మలుపులో నేను గట్టిగా నవ్వేశాను. ఎవరైనా విన్నారేమో అని కూడా చూసుకోలేదు.

తొందరగా రాయండి. కొందామా?

మీ
ఇంటావిడ

తా.క. వాషర్ మార్పించాను. ఇప్పుడు కారేది ఏదీ లేదు. కారే లేదు.


సొరంగం క్యాంపు

శ్రీమతికి,

ఉత్తరం అందింది. కారు వద్దు. ఈ వయసులో ఆ సరదాలు మనకెందుకు. ఆ డబ్బుతో మేడ మీద పగుళ్లు పూడ్పించు.

టీచరు గారికి నా నమస్కారాలతో పాటు ఈ మాట చెప్పేయి.

నీ
భర్త


ఎక్స్‌రే గది, ఆస్పత్రి

అయ్యా,

మీ ఉత్తరం అందింది. ఉత్తరం అనాలో టెలిగ్రాం అనాలో తెలియలేదు.

ఉల్లిపాయల కింద కారు వెతికిందెవరు? నా చేతికి అయస్కాంతం ఇచ్చి పంపిందెవరు? నడుం చూడమన్నదెవరు? నేను వద్దంటుంటే మీరు కావాలన్నారు. నేను కావాలనేసరికి మీకు వద్దయింది. మేడ మీద పగుళ్లట! పదేళ్లుగా వాటిని "గాలి ఆడుతోందిలే" అన్న మనిషి మీరే కాదూ?

నిన్నంతా కోపంగానే ఉన్నాను. ఇవాళ భోజనాల వేళ మీ ఉత్తరాన్ని, ఏం బుద్ధి పుట్టిందో, ఫిల్ములు చూసే లైటు మీద పెట్టి చూశాను. పక్కన మీ మొదటి ఉత్తరం కూడా పెట్టాను. మొదటి దాంట్లో కుడి అంచు స్కేలు పెట్టి గీసినట్టుంది. మీ చేతిరాత ఎప్పుడూ అంతే, పెళ్లయిన కొత్తలో దానికే పడిపోయాను. ఆఖరి దాంట్లో వాక్యాలు కాగితం దిగి వెళ్లిపోయాయి. "వద్దు" అన్న మాటలో సగం కాగితం మీదుంది, మిగతా సగం మీ బల్ల మీద ఉండుంటుంది. "భర్త" అని సంతకం పెట్టడం కూడా ఇదే మొదటిసారి.

తెల్లగా నల్లగా ఉన్నవాటిని చూసి లోపలేం జరిగిందో చెప్పడమే నా ఉద్యోగం. ఏదో జరిగింది. ఏమైంది?

టీచరుకి కారు వద్దని చెప్పలేదు. ఈ నెలాఖరుకి ఆవిడ మేడ లేని ఇంటికి మారుతున్నారు, అప్పటిదాకా ఎవరికీ ఇవ్వనన్నారు. కారు సంగతి తర్వాత. ముందు నాకు నిజం రాయండి.

మీ భార్య


సొరంగం క్యాంపు

ఏమే,

ఈ ఉత్తరం కాగితం మధ్యలోనే రాస్తున్నాను. రెండు పక్కలా మడతపెట్టి గీతలు తీసుకున్నాను.

మొదటి ఉత్తరం రాసినప్పటికి నాకేమీ తెలియదు. అది నమ్ము. నువ్వు కొలను కారు చూడ్డానికి వెళ్లిన రోజుల్లోనే ఇది జరిగింది. సొరంగంలో మట్టి ఎత్తే లోడరు వెనక్కి వస్తోంది. హారను మోగుతూనే ఉంది. కొండ లోపల శబ్దం నాలుగు వైపుల నుంచీ వస్తుంది, బండి ఎటుందో కళ్లే చెప్పాలి. నా కళ్లకి అక్కడ ఏమీ లేదు. ఫోర్‌మన్ కాలరు పట్టుకుని లాగాడు. ఇద్దరం బురదలో పడ్డాం.

"ఏంటి సార్, ఏనుగంత బండి కనపడలేదా?" అన్నాడు.

కనపడలేదు. అదే చెప్పాను. వాడి మొహంలో నవ్వు పోవడం చూశాను.

కింద పట్నంలో కంటి ఆస్పత్రికి పంపించారు. నీటికాసులట. కంట్లో ఒత్తిడి పెరిగి, పక్క చూపుని రెండువైపుల నుంచీ మెల్లగా తినేస్తూ వచ్చింది. నొప్పి లేదు కాబట్టి తెలియలేదు. పోయింది తిరిగి రాదు. మిగిలింది చుక్కల మందుతో కాపాడుకోవచ్చు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, చదవగలను, రాయగలను. బండి మాత్రం నడపకూడదు. డాక్టరు చిన్నావిడ, ఆ మాట చెప్పేటప్పుడు నా ఫైలు వంక చూస్తూ చెప్పింది. ఇప్పుడు నన్ను లోపలికి రానివ్వడం లేదు, ఆఫీసు గుడారంలో డ్రాయింగులు చూస్తున్నాను.

తిరిగొచ్చేసరికి బల్ల మీద నీ ఉత్తరం ఉంది. మూడో గేరులో పాట, మలుపులో నీ నవ్వు. ఇన్నేళ్లలో నువ్వంత సంతోషంగా రాసిన ఉత్తరం లేదు. అది చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు. కుళ్లు అనుకో. నా కోరికని నువ్వు నడుపుతుంటే నేను పక్కన మూటలా కూర్చోవాలి. అది ఊహించలేకపోయాను. అందుకే పగుళ్లు పూడ్పించమన్నాను.

ఎవరికీ చెప్పలేదు. నీకు ఎలా చెప్పాలో తెలియలేదు.

నీ
...నేనే


ఇల్లు

ఏవండీ,

ముందు తిట్లు. కంటి ఆస్పత్రి బల్ల మీద ఒక్కరే కూర్చున్నారు చూడండి, అందుకు కోపం. ఇంక దేనికీ కోపం లేదు. కుళ్లుకి అసలే లేదు. నాకే జరిగి, మీరు మలుపులో నవ్వితే నేను ఇంకా ఎక్కువ కుళ్లుకునేదాన్ని.

మీ ఉత్తరం ఆస్పత్రిలో ఫిల్ములు కడిగే చీకటి గదిలో చదివాను, ఎర్ర లైటులో. అక్కడ మందుల ఘాటుకి కళ్లు తుడుచుకోవడం మా వాళ్లకి మామూలే కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు.

తర్వాత మా కంటి డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. చుక్కలు ఒక్క పూట కూడా మానకపోతే ఉన్న చూపు చాలాకాలం నిలబడుతుందన్నారు. దీంతో జీవితమంతా పనులు చేసుకున్నవాళ్లు తన దగ్గర ఎందరో ఉన్నారన్నారు. మీరు రాగానే తానే చూస్తానన్నారు. చుక్కలు వేసుకుంటున్నారో లేదో ఫోర్‌మన్‌కి ఉత్తరం రాసి అడుగుతాను, నాకు అబద్ధం చెప్పలేడు.

ఇప్పుడు రెండో సంగతి. మీరూ కుర్చీలో కూర్చోండి.

కారు కొన్నాను.

మీ కోసం కాదు. మీ కోరిక తీర్చడానికో, మిమ్మల్ని ఓదార్చడానికో కాదు. నాకు కావాలనిపించింది. నాకు కావాలి అని నేను ఆఖరిసారి ఎప్పుడన్నానో మీకు గుర్తుంటే చెప్పండి, నాకు గుర్తు లేదు. టీచరుతో కూర్చుని బ్రేకుల ఖర్చు, టాపు ఖర్చు, తుప్పు కోసి అతికే ఖర్చు మెకానిక్ చేత చెప్పించి ధర తగ్గించాను. కారు మీద పాత బాకీలేవీ లేవని ఆర్టీవో ఆఫీసులో వాకబు చేశాకే డబ్బు చేతికిచ్చాను. కాగితాల్లో నా పేరుకి మారింది. ఇన్సూరెన్సు వాడు పాత బండి అని చిల్లర విలువ వేయబోతే, బిస్కెట్ డబ్బా అతని బల్ల మీద బోర్లించాను. బిల్లులన్నీ చూసి సరైన విలువ వేశాడు. ఇవన్నీ మీరుంటే మీరు చేసేవాళ్లే. ఎర్ర కారు దగ్గర మీరు చెప్పినవే ఇక్కడా పనికొచ్చాయి.

మూటలా అన్నారు. మూటలకి ఇందులో చోటు లేదు. దీనికి పెట్రోలూ గాలీ కలిపి ఇంజనుకి అందించే కార్బురేటర్లు రెండు ఉన్నాయట, ఒకదానికొకటి పడటం లేదు. ఒకటి పీల్చుకుంటే ఇంకొకటి అలుగుతుంది. "వీటిని కలపడం స్క్రూడ్రైవరు పని కాదమ్మా, చెవి పని. ఓపికగా వినేవాడు కావాలి" అని మెకానిక్ చేతులెత్తేశాడు. కొండ లోపల రాయి చప్పుడు విని ఎక్కడ డొల్లగా ఉందో చెప్పే మనిషి ఒకరు నాకు తెలుసన్నాను. తప్పుగా చెప్పానా?

ఆలోచించి రాయండి. నిజమే రాయండి, అంచు దాకా.

మీ
ఇంటావిడ


సొరంగం క్యాంపు

యజమానురాలు గారికి,

మూడు రోజులు మీతో మాట్లాడకూడదనుకున్నాను. నాలుగో రోజుకి కార్బురేటర్లు నెగ్గాయి.

అవి ఏ రకానివి? పైన గుడి గంటల్లా ఉండే మూతల్లో నూనె ఉందా? బండి ఆగి ఇంజను ఊరికే నడుస్తున్నప్పుడు దగ్గుతుందా, వేగం పెంచినప్పుడా? మెకానిక్‌ని నేనొచ్చేదాకా ఒక్క స్క్రూ కూడా తిప్పొద్దను. గాలి లాగే చప్పుడు రెంటికీ ఒకేలా ఉండాలి. సన్నటి రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, ఇంకో కొస వాటి మూతి దగ్గర పెట్టి వింటే తెలుస్తుంది. ఆ పని నాకొచ్చు. కాలేజీలో మాస్టారి కారుకి తుడవడంతో పాటు అది కూడా చేశాను. నీకు చెప్పలేదు కదూ.

ఇంకా బాధగానే ఉంది, దాచను. కానీ పొద్దున లేవగానే గుర్తొచ్చేది కళ్లు కాదు, ఆ గొట్టం. ఫోర్‌మన్ ఈమధ్య నాతో నడిచేటప్పుడు ఒకసారి ఈ పక్కకీ ఒకసారి ఆ పక్కకీ మారుతూ ఉంటాడు. ఎందుకని నేనడగను, వాడు చెప్పడు. చుక్కలు వేసుకుంటున్నాను. ఒత్తిడి తగ్గిందని మొన్న వెళ్లినప్పుడు చెప్పారు.

నిన్న కొండకి అటువైపు నుంచి తవ్వుకొస్తున్న వాళ్ల డ్రిల్లు ఇటు వచ్చింది. చిన్న కన్నం పడగానే కొండ అవతలి గాలి ఒక్కసారిగా లోపలికి కొట్టింది. నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి నిలబెట్టారు. మొహానికి గాలి తగిలింది. మగాళ్లందరూ పిల్లల్లా అరిచారు, నేనూ అరిచాను.

వచ్చే వారం లెక్కలప్పజెప్పి లారీలో దిగుతాను. ఒక హెచ్చరిక. నువ్వు బ్రేకు వెయ్యకముందే పక్క సీట్లోంచి నా కాలు బ్రేకు వేస్తుంది. "చూసుకో చూసుకో" అంటాను. ముందే క్షమించేయి.

నీ
సొరంగం మొగుడు (ఇక మాజీ)


ఇల్లు

ఏవండీ,

లారీ ఎక్కకండి. కొండ కింద చెక్‌పోస్టు దగ్గరికి నేనే వస్తాను.

కొత్త బ్రేకులు వేయించాక పది రోజుల నుంచీ టీచరు నా చేత మలుపుల రోడ్డు ప్రాక్టీసు చేయిస్తున్నారు. ఆవిడ మోకాళ్లతో తిట్టుకుంటూ దిగి కూర్చుంటారు, మలుపు రాగానే "తల పైకి! ఊపిరి వదులు!" అని అరుస్తారు. కారు నేర్పుతున్నారో ఈత నేర్పుతున్నారో తెలియదు గానీ, ఇప్పుడు ఇంజను కాస్త వేడెక్కితే రెండో గేరు కొరకడం లేదు. తప్పంతా దానిది కాదట, నా కాలిది కూడానట. టాపు కుట్టించాను. తుప్పు కోయించాను. రంగు జోలికి మాత్రం పోలేదు, ఏ రంగు వెయ్యాలో మీరొచ్చాక పోట్లాడుకుందాం. కార్బురేటర్లు మీరన్నట్టే ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. దారంతా అవి దగ్గుతాయి, మీరు వినండి.

ట్రంకు పెట్టె లారీలో పంపించేయండి. డిక్కీలో రెండు జతల బట్టలకీ, మీ చుక్కల మందుకీ చోటుంది.

బ్రేకు తొక్కుతాననీ, చూసుకో అంటాననీ ముందే చెప్పారు, మంచిది. నాదీ ఒక మాట. నేను పక్కనుంటాను కాబట్టి, నన్ను చూడాలంటే మీరు తల మొత్తం ఇటు తిప్పాల్సి వస్తుంది. మొహమాటపడకండి, ఎంతసేపు కావాలంటే అంతసేపు తిప్పి చూడండి. నేను రోడ్డు చూసుకుంటాను.

మీ
డ్రైవరు